సైప్రస్, తూజా కంచెలను కత్తిరించి ఎత్తు అదుపులో ఉంచుకోవడం ఎలా

కత్తెర చేతిలోకి తీసుకునే ముందు కంచె దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో రెమ్మలను పక్కలకు విడదీసి లోపలికి చూడండి. పైన బెత్తెడు మందాన నిగనిగలాడే పచ్చదనం. దాని వెనక పసుపు తిరిగిన ఆకులు. ఇంకాస్త లోపల గోధుమరంగు పొట్టు, ఆకన్నది లేని బోడి పుల్లలు. ఒక కొమ్మను పట్టుకుని కుదిపితే ఆ పొట్టంతా ముంజేతి మీద రాలుతుంది. బయటి నుంచి గోడలా దట్టంగా కనిపించే కంచె అసలు నిర్మాణం ఇదే. ఎండుపుల్లల గూడు మీద పరిచిన పలుచటి పచ్చ తొడుగు.

నిజానికి ఆ పుల్లలు చచ్చిపోలేదు. గోటితో గీకితే బెరడు కింద ఇంకా తడిగా, పచ్చగానే ఉంటుంది. కానీ మళ్లీ చిగురించడానికి కావలసిన మొగ్గలు వాటిలో మిగల్లేదు. మందారాన్నో గోరింటనో మోడుగా నరికినా కొన్ని వారాల్లో కణుపు కణుపునా చిగుళ్లు వేస్తుంది. సైప్రస్, తూజా అలా చేయవు. ఆకు ఉన్న చోటు నుంచే కొత్త రెమ్మ పుడుతుంది. ఆకు రాలిపోయిన చోట కోస్తే ఆ కొమ్మ అక్కడితో ఆగిపోతుంది. కంచె ఎత్తు గురించి, వెడల్పు గురించి, కత్తిరించే కాలం గురించి ఇక్కడ చెప్పబోయేవన్నీ ఈ ఒక్క స్వభావం చుట్టూనే తిరుగుతాయి.

మా కంచెలో దారి వైపు ఒకచోట, నడవడానికి అడ్డంగా ఉందని నేనే మూరెడు లోపలికి కోశాను. ఏడేళ్లయింది. పక్కల నుంచి పచ్చి కొమ్మలు వంచి కట్టి ఆ ఖాళీని చాలావరకు కప్పగలిగాను గానీ, కోసిన కొమ్మల నుంచి ఇప్పటికీ ఒక్క చిగురు రాలేదు. అందుకే ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మీ కంచె ఏ జాతిదో తెలుసుకోండి

శంకువృక్షాల్లో, అంటే పైన్, దేవదారుల కోవకు చెందిన పూలు పూయని చెట్లలో, కంచెగా ఎక్కువగా నాటేవి లేలాండ్ సైప్రస్, లాసన్ సైప్రస్, తూజా, యూ. అక్కడక్కడా జునిపర్ కూడా కనిపిస్తుంది. రెండు సైప్రస్‌లకూ తూజాకూ ఆకులు చిన్న చిన్న పొలుసుల్లా కాడను అంటిపెట్టుకుని ఉంటాయి. రెమ్మ కాస్త చదునుగా, ఫెర్న్ ఆకులా పరుచుకుంటుంది. తూజా ప్లికాటా రకం ఆకును వేళ్ల మధ్య నలిపితే అనాసపండును తలపించే తియ్యటి వాసన వస్తుంది. యూకు పొలుసులుండవు. ముదురాకుపచ్చ రంగులో చదునైన సూదుల్లాంటి ఆకులుంటాయి. ఆడ మొక్కలకు ఎర్రటి గుజ్జు గిన్నెలో కూర్చోబెట్టినట్టు గింజలు కాస్తాయి.

ఈ గుర్తింపు ఎందుకంటే, వీటిలో యూ తీరు పూర్తిగా వేరు. దాని ముదురు కొమ్మల్లో, చివరికి మాను మీద కూడా నిద్రాణమైన మొగ్గలుంటాయి. బోడిగా కోసినా చిగురిస్తుంది. మీది యూ కంచె అయితే ఇక్కడ చెప్పే భయాల్లో సగం మీకు లేనట్టే. తూజా ప్లికాటా మిగతావాటికన్నా కొంచెం ఓర్పు గలది. పచ్చదనం అంచుకు దగ్గరగా కోసినా ఒక్కోసారి కోలుకుంటుంది, అయితే దాన్ని నమ్ముకుని కత్తెర వేయకండి. సైప్రస్‌ల దగ్గర మాత్రం ఎలాంటి మినహాయింపూ ఆశించవద్దు.

సన్నటి ఆకులు చూసి సరుగుడును కూడా చాలామంది ఈ కోవలోనే లెక్కిస్తారు. అది పూలు పూసే మొక్కల కుటుంబానికి చెందినది. ఇక్కడి లెక్కలు దానికి వర్తించవు.

లేలాండ్ సైప్రస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎత్తు విషయంలో అందరినీ ఇబ్బంది పెట్టేది అదే. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో ఒకదానికొకటి చాలా దూరంగా పెరిగే మాంటెరీ సైప్రస్, నూట్కా సైప్రస్ అనే రెండు జాతులు వేల్స్‌లోని ఒక ఎస్టేటు తోటలో పక్కపక్కన పెరిగి కలిశాయి. 1888లో ఆ సంకర మొలకలు వచ్చాయి. సొంత సీమల్లో ఎప్పుడూ కలవని జాతులకు పుట్టిన ఈ మొక్క ఏడాదికి మీటరు దాకా ఎదుగుతుంది. వదిలేస్తే 30 మీటర్లు దాటే వృక్షమవుతుంది. త్వరగా చాటు వస్తుందని నాటినవాళ్లు, ఆ తర్వాత దాన్ని ఆపలేక పక్కింటివాళ్లతో గొడవలు పడ్డారు. చివరికి ఇంగ్లండ్, వేల్స్‌లకు 2003లో చేసిన ఒక చట్టంలో 2 మీటర్లు దాటిన సతతహరిత కంచెల వివాదాల కోసమే ఒక భాగాన్ని కేటాయించారు. మీ కంచె లేలాండ్‌ది అయితే, ఒక్క ఏడాది కత్తిరించడం మానేస్తే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఎప్పుడు కత్తిరించాలి

మొక్క ఎదుగుతున్న కాలంలో కత్తిరించాలి. లేలాండ్‌కు వసంతం నుంచి వేసవి చివరి దాకా రెండు మూడు సార్లు కావాలి. లాసన్ సైప్రస్‌కూ తూజాకూ ఒకటి రెండు సార్లు చాలు. యూకు వేసవి చివర ఒక్కసారి సరిపోతుంది.

ఆఖరి కోత తర్వాత వచ్చే లేత చిగుళ్లు చలికాలం ముదిరేలోపు గట్టిపడాలి. ఆలస్యంగా కోస్తే ఆ లేత కొసలు మంచుకు మాడిపోతాయి. మంచు పడని చోట ఉన్నవారికి ఈ బెంగ ఉండదు గానీ ఎండ బెంగ ఉంటుంది. పై పొరను తీసేసరికి అప్పటిదాకా నీడలో ఉన్న ఆకులు ఒక్కసారిగా ఎండకు బయటపడతాయి. నడి వేసవి మధ్యాహ్నం కత్తిరించిన కంచె వారంలో రాగిరంగు తిరుగుతుంది. మబ్బు పట్టిన రోజు చూసుకోండి. వాన వెలిసిన వెంటనే మాత్రం వద్దు. తడి ఆకుల మీద బ్లేడు జారుతుంది, కోత నలుగుతుంది, తెగులు ఉంటే ఒక మొక్క నుంచి మరో మొక్కకు తేలికగా పాకుతుంది.

ఎత్తు బాగా తగ్గించే పెద్ద కోతకు మాత్రం వేరే కాలం. చలి తగ్గి, కొత్త ఎదుగుదల మొదలవబోయే ముందు అది చేయాలి. ముందు మొత్తం ఎదుగుదల కాలం ఉంటుంది కాబట్టి మొక్క ఆ గాయాన్ని కప్పుకోగలుగుతుంది.

ఏ కాలంలోనైనా ముందు పక్షి గూళ్ల కోసం వెతకండి. దట్టమైన సతతహరిత కంచె పక్షులకు ఎంతో ఇష్టమైన చోటు. కంచెకు కాస్త దూరంగా పావుగంట కదలకుండా నిలబడితే చాలు, నోట పుల్లతోనో పురుగుతోనో వచ్చే పక్షి గూడు ఎక్కడుందో తానే చూపిస్తుంది. గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. చాలా దేశాల్లో వాడుకలో ఉన్న గూటిని చెరపడం చట్టప్రకారం నేరం. నేరం కాకపోయినా ఆగాల్సిందే. కందిరీగల పట్టు ఉందేమో కూడా చూసుకోండి. ట్రిమ్మర్ మోతకు అవి ఒక్కసారిగా లేస్తాయి.

ఎత్తును ముందే నిర్ణయించుకోండి

కంచె ఎత్తును అదుపు చేయడానికి అన్నిటికన్నా మంచి సమయం అది ఇంకా ఆ ఎత్తుకు చేరని రోజుల్లోనే. ఎంత ఎత్తు కావాలో అడిగితే చాలామంది కంటికి కనిపించకూడని దాన్ని బట్టి చెబుతారు. నా లెక్క వేరు. నిచ్చెన లేకుండా నేల మీద నిలబడి మీ చేతులు ఎంతవరకు సౌకర్యంగా అందుతాయో అంత ఎత్తు చాలు. చాలామందికి అది 2 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ప్రతిసారీ నిచ్చెన కావాల్సిన కంచెను కొన్నేళ్ల తర్వాత కత్తిరించడం మానేస్తారు, అక్కడి నుంచే అది చేయి దాటుతుంది.

కొత్తగా నాటిన కంచెలో మొదటి రెండేళ్లు తలకొమ్మను, అంటే నడిమధ్య నుంచి నిటారుగా పైకి పోయే కొసను, ముట్టుకోవద్దు. పక్కలకు మరీ పొడుగ్గా సాగిన రెమ్మల కొసలు మాత్రం తుంచండి. అలా తుంచినప్పుడల్లా వెనక ఉన్న ఆకుల దగ్గర రెండు మూడు కొత్త రెమ్మలు పుడతాయి. కంచె దట్టంగా మారేది ఇలాగే. ఎత్తు వచ్చాక పక్కలు చూద్దాంలే అనుకుంటే అప్పటికి పక్కకొమ్మలు మొదట్లో బోడిగా, కొసల్లో గుబురుగా తయారవుతాయి.

తలకొమ్మ మీరు అనుకున్న ఎత్తును దాటగానే దాన్ని కోయండి, కోత ఆ ఎత్తుకు 15 సెంటీమీటర్లు కింద పడాలి. 2 మీటర్ల కంచె కావాలంటే 1.85 మీటర్ల దగ్గర. మిగిలిన ఖాళీని కోత చుట్టూ లేచే రెమ్మలు నింపి, గాయం కనిపించకుండా కప్పేస్తాయి. సరిగ్గా కావలసిన ఎత్తులోనే కోస్తే ప్రతి కత్తిరింపులోనూ ఆ మొండి కొస బయటపడుతూనే ఉంటుంది.

తలకొమ్మను తీసేస్తే మొక్క ఎత్తు పెరగడం ఆగిపోతుందని కొందరు అనుకుంటారు. ఆగదు. తలకొమ్మ కొస నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను పక్కకొమ్మలను అణచి ఉంచుతుంది. కొస పోగానే ఆ అణచివేత పోతుంది. పైవరుస పక్కకొమ్మల్లో రెండో మూడో మెల్లగా నిటారుగా లేచి, తామే తలకొమ్మలు కావడానికి పోటీ పడతాయి. ఇక ప్రతి ఏడాదీ వాటిని ఆ గీత దగ్గరే ఆపాలి.

పనిముట్లు

పెద్ద పిడుల హెడ్జ్ కత్తెర, చేతిలో ఇమిడే కొమ్మల కత్తెర, ఒక చిన్న రంపం. కంచె పొడుగ్గా ఉంటే బ్యాటరీతో నడిచే ట్రిమ్మర్. తీగతో నడిచే విద్యుత్ ట్రిమ్మర్ వాడితే, తీగ తెగిన క్షణంలోనే కరెంటు ఆపేసే భద్రతా స్విచ్ తప్పనిసరి. తీగను భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, బ్లేడు వైపు రానీయకండి. బ్లేడు పదును ఎలా ఉందో కోసిన రెమ్మే చెబుతుంది. కోత గాజు పగిలినట్టు నున్నగా ఉండాలి. పీచులు పీచులుగా చీలితే బ్లేడు మొద్దుబారినట్టే, రెండు మూడు రోజుల్లో ఆ కొసలన్నీ గోధుమరంగుకు తిరుగుతాయి.

సైప్రస్ జిగురు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. పొడుగు చేతుల చొక్కా, చేతితొడుగులు, కళ్లద్దాలు వేసుకోండి. లోపలి పొట్టు గొంతులో పడుతుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకుంటే మంచిది. బ్లేడుకు పట్టిన జిగురును స్పిరిట్‌తో తుడవండి, తెగుళ్లు పాకకుండా కూడా అది పనికొస్తుంది.

నిచ్చెనను కంచెకు ఆనించవద్దు. ఎంత గట్టిగా కనిపించినా లోపల ఉన్నవి పుల్లలే. మూడు కాళ్ల తోట నిచ్చెన గానీ, రెండు స్టాండ్ల మీద వేసిన గట్టి పలక గానీ వాడండి.

కత్తిరించే పద్ధతి

ముందుగా కంచె అడుగున నేల మీద టార్పాలిన్ పరవండి. తర్వాత రెండు చివర్లా ఒక్కో గట్టి కర్ర పాతి, కావలసిన ఎత్తులో పురికొస బిగించి కట్టండి. నేల వాలుగా ఉంటే తాడు నేలతో పాటు వాలాలా, మట్టంగా ఉండాలా అన్నది మీ ఇష్టం. నా కంటికి మట్టంగా ఉన్నదే అందంగా ఉంటుంది. పొడవాటి కంచెకు మధ్యలో ఇంకో కర్ర పాతండి, లేకపోతే తాడు వేలాడి, కంచె నడుమ పల్లం పడుతుంది.

ఇప్పుడు పక్కలు. కంచె పక్కతలం గోడలా నిటారుగా ఉండకూడదు. అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండాలి. ప్రతి మీటరు ఎత్తుకు ఒక్కో వైపు 5 నుంచి 10 సెంటీమీటర్లు లోపలికి వాలేలా చూసుకోండి. పైభాగం వెడల్పయితే దాని నీడ అడుగు కొమ్మల మీద పడుతుంది, వెలుతురు అందని కొమ్మ ఆకు రాలుస్తుంది, రాల్చిన ఆకు తిరిగి రాదు. కింద కాళ్లు బయటపడి పైన గొడుగులా విచ్చుకున్న పాత కంచెలన్నీ ఇలా తయారైనవే. మంచు పడే చోట్ల వాలు వల్ల ఇంకో లాభం కూడా ఉంది, మంచు నిలవకుండా జారిపోతుంది. ఈ వాలు కంటి అంచనాకు అందదు. పైన కొన దగ్గర ఒక కర్రకు తాపీమేస్త్రీలు వాడే తూకం గుండు వేలాడదీసి, దాని తాడుకూ కంచె మొదలుకూ మధ్య దూరం కొలిస్తే కచ్చితంగా తెలుస్తుంది.

పక్కలను కింది నుంచి పైకి కోస్తూ పోండి. ట్రిమ్మర్ బ్లేడును పక్కతలానికి సమాంతరంగా పట్టుకుని, నేల దగ్గర మొదలుపెట్టి చాపంలా పైకి ఊపాలి. అలా చేస్తే కోసిన రెమ్మలు బ్లేడుకు అడ్డుపడకుండా బయటికి పడతాయి. మీటరు మేర కోశాక ఆగి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. దగ్గర నుంచి సరిగ్గా కనిపించినది దూరం నుంచి గుంటలుగా కనిపించవచ్చు. గుంట పడితే మిగతాదాన్ని దానికి సమంగా లోపలికి కోయాలన్న ఆత్రం పుడుతుంది. ఆ పని చేయకండి. గుంట చుట్టుపక్కల రెమ్మలు రెండో కోతకల్లా దాన్ని నింపేస్తాయి.

ఎంత కోయాలన్న దగ్గర కంచె భవిష్యత్తంతా ఉంది. పోయినసారి కోసిన గీత కనబడుతుంది; ఆ గీతకు వెనక ఆకు ముదురు రంగులో, ముందు కొత్తగా వచ్చినది లేత రంగులో ఉంటుంది. లేత రంగు పెరుగుదలలో సెంటీమీటరు, మహా అయితే రెండు సెంటీమీటర్లు ఉంచి మిగతాది తీసేయండి. ఎక్కువ మంది లోతుగా కోసేస్తామేమోనని భయపడి నాలుగైదు సెంటీమీటర్లు వదిలేస్తారు. లెక్క కట్టి చూడండి: ఒక్కో వైపు ఏడాదికి 4 సెంటీమీటర్ల చొప్పున మిగిలితే పదేళ్లలో కంచె వెడల్పు 80 సెంటీమీటర్లు పెరుగుతుంది. దారి సగం మాయమవుతుంది. ఆ 80 సెంటీమీటర్లను తర్వాత తగ్గించే మార్గం లేదు, ఎందుకంటే అప్పటికి పచ్చ తొడుగు కూడా బయటికి జరిగిపోయి ఉంటుంది. ఎత్తునైతే కొంతవరకు వెనక్కి తేవచ్చు, వెడల్పును తేలేం. అందరూ ఎత్తు గురించి బాధపడతారు గానీ, సైప్రస్ కంచెలో నిజంగా భయపడాల్సింది వెడల్పుకే.

పైభాగాన్ని చివర్లో కోయండి. తాడును దాటిన రెమ్మలను ట్రిమ్మర్‌తో అడ్డంగా కోసుకుంటూ పోండి. బొటనవేలి కన్నా లావైన తలకొమ్మలు అడ్డొస్తే ట్రిమ్మర్‌ను బలవంతం చేయకుండా, కత్తెరతోనో రంపంతోనో ఒక పక్కకొమ్మకు కాస్త పైన కోయండి. ఈ లావు కొమ్మల కోతలు తాడుకు జానెడు కిందికి ఉంటే మేలు. అంచులను చేతి కత్తెరతో కొద్దిగా గుండ్రంగా తీర్చిదిద్దితే, ఎండకు మాడిపోయే పదునైన మూలలు ఉండవు. చివరగా చేత్తోనో పొడవాటి కర్రతోనో కంచెను పై నుంచి కిందికి దులపండి. ఇరుక్కుపోయిన తెగిన రెమ్మలు అక్కడే ఎండితే మర్నాటికి కంచెకు తెగులు పట్టినట్టు మచ్చలు మచ్చలుగా కనిపించి అనవసరంగా కంగారు పెడతాయి.

చేయి దాటిన కంచె ఎత్తు తగ్గించడం

నాలుగైదు మీటర్లకు పెరిగిన సైప్రస్ కంచెనైనా కిందికి తేవచ్చు. పక్కలు పచ్చగా ఉన్నంతవరకు మొక్క బతుకుతుంది. అయితే ఒకేసారి మొత్తం ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి. 4.5 మీటర్ల కంచెను 3 మీటర్లకు దించవచ్చు. ఇంకా తగ్గించాలంటే ఒకటి రెండేళ్లు ఆగి, పక్కలు బాగా చిగురిస్తున్నాయని చూసుకుని మళ్లీ చేయండి. సగానికన్నా తక్కువకు తేవాలనుకుంటే, నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను: ఆ కంచెను తీసేసి, నిదానంగా ఎదిగే తూజానో యూనో నాటుకోవడం మంచిది. మోడులా నిలబడిన సైప్రస్ వరుసను ఏళ్ల తరబడి చూస్తూ ఉండటం కన్నా అదే నయం.

కావలసిన ఎత్తుకు 15 నుంచి 30 సెంటీమీటర్లు కిందుగా ప్రతి మానునూ గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తుకు దగ్గర్లో, ఆకున్న పక్కకొమ్మ ఎక్కడుందో వెతికి, దానికి కాస్త పైన కోత పెట్టాలి. మానును ఒకే ముక్కగా పడగొట్టకుండా, పై నుంచి అర మీటరు ముక్కలుగా దించుకుంటూ రండి. ప్రతి కోతకూ ముందు పడే వైపున మందంలో పావు వంతు చిన్న గంటు పెట్టి, తర్వాత ఎదుటి వైపు నుంచి కోస్తే బెరడు కిందిదాకా చీలిపోదు. కింద ఎవరూ నిలబడకూడదు. మాను మీ ముంజేతి కన్నా లావుగా ఉన్నా, కోత తలకు పైన పడుతున్నా, కరెంటు తీగలు దగ్గర్లో ఉన్నా శిక్షణ పొందిన చెట్ల పనివారిని పిలవండి. తీగల దగ్గర పనిని ముందు విద్యుత్ శాఖకు తెలియజేయకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు.

కోశాక పైనుంచి చూస్తే మానుల మొండేలు, బోడి పుల్లలు కనిపించి మనసు కలుక్కుమంటుంది. సన్నటి కంచె అయితే ఒకటి రెండు కాలాల్లో పక్కల రెమ్మలు లోపలికి వాలి ఆ ఖాళీని మూసేస్తాయి. మీటరున్నర వెడల్పు కంచెలో మధ్యభాగం ఎప్పటికీ బోడిగానే ఉండవచ్చు. నేల మీద నిలబడ్డవారికి అది కనిపించదు, మేడ కిటికీలోంచి మాత్రం కనిపిస్తుంది. పని మొదలుపెట్టే ముందే ఆలోచించుకోవలసిన విషయమిది. కంచెకు అవతల ఉండేవారితో కూడా ముందే మాట్లాడండి. వారి వైపు పడే వెలుతురు, వారి చాటు రెండూ ఒక్క రోజులో మారిపోతాయి.

యూ కంచె వెడల్పు తగ్గించాలంటే మాత్రం ధైర్యంగా చేయవచ్చు. ఒక ఏడాది ఒక వైపు కొమ్మలను మాను దగ్గరి దాకా కోసేయండి. ఆ వైపు చిగుళ్లు బాగా వచ్చాయని చూశాకే, మరుసటి ఏడాదో ఆపై ఏడాదో రెండో వైపు.

గోధుమరంగు మచ్చలు

లోపలి ఆకులు రాలడం సహజం. మచ్చ బయటి తొడుగు మీద వస్తేనే పట్టించుకోండి. అది మీరు లోతుగా కోసిన చోటే అయితే కారణం వెతకనక్కర్లేదు. కోయని చోట వస్తే దగ్గరికి వెళ్లి రెమ్మలను విప్పి చూడండి. కొమ్మలను అంటుకుని బూడిద గోధుమ రంగు పేనుబంక పురుగులు, వాటి జిగురు మీద నల్లటి మసి కనిపిస్తే అది సైప్రస్ పేనుబంక. చీమల బారు దానికి గుర్తు. పురుగు పోయాక కూడా మాడిన భాగం పచ్చబడదు. కొమ్మ బెరడు పగిలి జిగురు కారుతూ, ఆ కొమ్మ ఒక్కటే కొస నుంచి ఎండుతూ ఉంటే అది క్యాంకర్ తెగులు కావచ్చు. కిందున్న మంచి భాగం దాకా కోసి తీసేసి, ఆ ముక్కను కంపోస్టులో వేయకుండా తగలబెట్టండి, రంపాన్ని స్పిరిట్‌తో తుడవండి. ఇవేవీ కాకపోతే వేళ్ల దగ్గర మట్టిని జానెడు తవ్వి చూడండి. దట్టమైన కంచె కిందికి వాన నీరు సరిగా దిగదు. పైన తడి కనిపించినా కింద పొడిగా ఉండటం మామూలే.

ఖాళీని నింపాలంటే ఎండిన పుల్లలను కోసి తీసేసి, చుట్టూ ఉన్న పచ్చటి కొమ్మలను దాని మీదికి వంచి మెత్తటి పురికొసతో లోపలి పుల్లలకు కట్టండి. ముడి వదులుగా ఉండాలి, లేకపోతే కొమ్మ లావెక్కినకొద్దీ తాడు బెరడులోకి దిగుతుంది. వంచిన కొమ్మల కొసలను ప్రతి కోతలోనూ కొద్దికొద్దిగా తుంచుతూ ఉంటే అవి గుబురుగా మారతాయి. చిన్న ఖాళీకి రెండేళ్లు పట్టవచ్చు.

కోత తర్వాత

ఆ రోజు సాయంత్రం మొదళ్లకు నిండుగా నీరు పెట్టండి. వానలు లేకపోతే కొన్ని వారాల పాటు వారానికోసారి, తక్కువ తక్కువగా కాకుండా లోతుకు దిగేలా పెట్టాలి. పెద్ద కోత చేసిన కంచెకు వసంతంలో సమతుల ఎరువు కొద్దిగా వేసి, కంపోస్టునో బాగా చివికిన ఆకునో నాలుగు వేళ్ల మందాన పరవండి. మొదలుకు తగలకుండా బెత్తెడు ఎడం ఉంచండి.

తెగిన సైప్రస్ రెమ్మలు కంపోస్టులో చాలా నిదానంగా చివుకుతాయి. ముక్కలు చేసి, పచ్చిగడ్డితో కలిపి వేస్తే కాస్త త్వరపడతాయి. యూ రెమ్మల విషయంలో జాగ్రత్త. ఎర్రటి గుజ్జు తప్ప దాని గింజ, ఆకు, బెరడు అన్నీ విషమే. ఎండినా విషం పోదు. పశువులు, గుర్రాలు అందుకునే చోట ఒక్క రెమ్మ కూడా వదలకండి.

తాడు విప్పేశాక కర్రలను పీకేయకండి. వాటి మీద ఈ ఏటి ఎత్తును రంగుతో గుర్తు పెట్టి, పక్కన తేదీ రాయండి. వచ్చే కోతకు పురికొస ఆ గుర్తు దగ్గరే కట్టాలి, వేలెడు కూడా పైకి జరపకుండా.